ఉతై నుంచి అమెరికా దాకా: ప్రయాణ బీమాలో పొదుపు ఎక్కడ, ప్రమాదం ఎక్కడ?

ఛత్తీస్‌గఢ్‌ దుర్గ్ జిల్లాలోని ఉతై చిన్న పట్టణమే అయినా అక్కడి నుంచి సాగే ప్రయాణాలు చిన్నవి కావు. కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం శిక్షణ కేంద్రం ఉన్నందున దేశం నలుమూలల యువకులు అక్కడికి వస్తూ పోతూ ఉంటారు. పక్కనే భిలాయ్ ఉక్కు నగరం. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో రూపుదిద్దుకున్న కర్మాగారం అది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన నాటి నుంచి ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చిన ఎన్నో కుటుంబాలకు అది అన్నం పెట్టింది. సెక్టార్ క్వార్టర్లలో పెరిగిన రెండో తరం ఇప్పుడు ఉద్యోగ విరమణ దశలో ఉన్నది. మూడో తరం హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో స్థిరపడింది.

అందువల్ల ఇక్కడి తెలుగు ఇళ్ళలో ప్రయాణాలు మూడు రకాలు. పెళ్ళికో పేరంటానికో విజయనగరం, శ్రీకాకుళం వైపు రైలు ప్రయాణం. మొక్కు తీర్చుకోవడానికి తిరుమల, లేదా పిల్లల దగ్గరకు హైదరాబాదు. మనుమడో మనుమరాలో పుడితే ఆరు నెలల అమెరికా ప్రయాణం. ఈ మూడింటిలోనూ టికెట్ కొనే ప్రతిసారీ ఒక ప్రశ్న ఎదురవుతుంది: బీమా కావాలా, వద్దా? అడిగిన ప్రతిచోటా సరేననేవారు కొందరు, ఎక్కడా వద్దనేవారు కొందరు. మొదటివారు ఒకే రక్షణకు రెండుసార్లు డబ్బు చెల్లిస్తున్నారు. రెండోవారు పైసలు మిగుల్చుకొని ఇల్లు పణంగా పెడుతున్నారు. ప్రయాణ బీమాలో పొదుపు అంటే తక్కువ ధర పాలసీ వెతుక్కోవడమే అనే అభిప్రాయం ప్రబలంగా ఉన్నది. ఇప్పటికే చేతిలో ఉన్న రక్షణ ఏమిటి, లేనిది ఏమిటి అన్న లెక్క దానికంటే ముందు రావాలి.

45 పైసల బీమా, అది దక్కనివారు

ముందుగా రైలు సంగతి. ఐఆర్‌సీటీసీ వెబ్‌సైటులో లేదా యాప్‌లో టికెట్ కొనేవారికి ఐచ్ఛిక ప్రయాణ బీమా లభిస్తుంది. 2016 సెప్టెంబరు 1న 92 పైసల ప్రీమియంతో ఇది మొదలైంది. నోట్ల రద్దు తరువాత డిజిటల్ చెల్లింపులను ప్రోత్సహించేందుకు 2016 డిసెంబరు నుంచి 2018 ఆగస్టు దాకా ఉచితంగా ఇచ్చారు. ఆ తరువాత మళ్ళీ రుసుము విధించారు. రేటు పలుమార్లు మారి, ఇటీవలి కాలంలో ప్రయాణికుడికి 45 పైసల వద్ద ఉన్నది. రైలు ప్రమాదంలో మరణం లేదా శాశ్వత సంపూర్ణ వైకల్యం సంభవిస్తే 10 లక్షల రూపాయలు, శాశ్వత పాక్షిక వైకల్యానికి 7.5 లక్షలు, గాయాలతో ఆసుపత్రి పాలైతే 2 లక్షల దాకా ఖర్చులు, భౌతికకాయం తరలింపునకు 10 వేల రూపాయలు లభిస్తాయి.

ఇంత తక్కువ ధరకు ఇంత రక్షణ దేశంలో మరే ప్రయాణ బీమాలోనూ కనిపించదు. ఇక్కడ పొదుపు గురించి ఆలోచించవలసిన అవసరమే లేదు. తీసుకోవడమే పొదుపు. అయితే రెండు చిన్న విషయాలు చాలామంది విస్మరిస్తున్నారు. మొదటిది, టికెట్ ఖరారైన తరువాత బీమా సంస్థ నుంచి సెల్‌ఫోనుకూ ఈమెయిలుకూ ఒక లింకు వస్తుంది. నామినీ వివరాలు అందులో నింపాలి. నింపకపోయినా బీమా రద్దు కాదు గాని, దుర్ఘటన జరిగిన నాడు కుటుంబం వారసత్వ పత్రాల కోసం కార్యాలయాల చుట్టూ తిరగవలసి వస్తుంది. రెండోది, వెయిటింగ్ జాబితాలోని టికెట్లకు ఈ బీమా వర్తించదు. ఖరారైన టికెట్లకూ, ఆర్‌ఏసీ టికెట్లకూ మాత్రమే వర్తిస్తుంది.

అసలు లోపం మరొకటి ఉన్నది. స్టేషన్ కౌంటరులో కొన్న టికెట్‌కు గాని, జనరల్ బోగీ టికెట్‌కు గాని ఈ సదుపాయం లేదు. దుర్గ్ నుంచి విశాఖపట్నానికి 2024 సెప్టెంబరులో ప్రారంభమైన వందే భారత్ రైలులో ఆన్‌లైన్‌లో సీటు కొన్న ప్రయాణికుడికి 45 పైసలకు 10 లక్షల రక్షణ ఉంటుంది. అదే దారిలో పాసింజర్ బండి ఎక్కే కూలీకి ఆ అవకాశమే ఇవ్వరు. ఈ తేడా కాగితాలకే పరిమితమైనది కాదు. 2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి సమీపంలో విశాఖ నుంచి పలాస వెళ్తున్న పాసింజర్ రైలును రాయగడ పాసింజర్ ఢీకొన్నది. 14 మంది మరణించారు. భిలాయ్ నుంచి విశాఖకు వెళ్ళే ప్రతి తెలుగు కుటుంబమూ దాటే మార్గమది. 2025 నవంబరు 4న బిలాస్‌పూర్ వద్ద మెము రైలు గూడ్సు బండిని ఢీకొన్న ప్రమాదంలో పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. రెండు చోట్లా బండ్లు సామాన్యులు ఎక్కేవే.

ఆ నెలలోనే సుప్రీంకోర్టు రైల్వేలను సూటిగా ప్రశ్నించింది. ఆన్‌లైన్‌లో టికెట్ కొన్నవారికే ప్రమాద బీమా ఎందుకు, కౌంటరులో కొన్నవారికి ఎందుకు లేదని వివరణ కోరింది. సాంకేతికంగా చూస్తే ఆన్‌లైన్ టికెట్‌లో ప్రయాణికుడి పేరు, వయసు, ఫోను నంబరు ఉంటాయి. జనరల్ టికెట్‌లో అవేవీ ఉండవు. బీమా సంస్థకు పేరు లేని మనిషిని బీమా చేయడం ఇబ్బందే. కాని కౌంటరులో రిజర్వేషన్ ఫారం నింపి కొన్న టికెట్‌లో ఆ వివరాలన్నీ ఉంటాయి. వారిని కూడా మినహాయించడానికి ఈ కారణం సరిపోదు.

బీమా లేనివారికి దిక్కే లేదని భావించడం కూడా పొరపాటే. 1989 నాటి రైల్వే చట్టంలోని 124, 124ఎ సెక్షన్ల ప్రకారం చెల్లుబాటయ్యే టికెట్‌తో ప్రయాణించే ప్రతి ఒక్కరికీ, జనరల్ టికెట్‌దారుకు సైతం, ప్రమాదంలో నష్టపరిహారం పొందే హక్కు ఉన్నది. 2017 జనవరి 1 నుంచి మరణానికి ఈ మొత్తం 8 లక్షల రూపాయలు. నడిచే రైలు నుంచి జారిపడిన సందర్భాలు కూడా ఇందులోకి వస్తాయి. రైల్వే క్లెయిమ్స్ ట్రైబ్యునల్‌లో సాధారణంగా ఏడాదిలోగా దరఖాస్తు చేసుకోవాలి. మృతుడి వద్ద టికెట్ దొరకలేదన్న ఒక్క కారణంతో పరిహారం నిరాకరించడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2018లో రీనాదేవి కేసులో స్పష్టం చేసింది. అయినప్పటికీ టికెట్‌ను ఫోనులో ఫొటో తీసి ఇంటికి పంపించే అలవాటుకు ఖర్చేమీ లేదు. ప్రమాదం జరిగిన వెంటనే రైల్వేశాఖ ప్రకటించే తక్షణ సాయం దీనికి అదనం. 2023 సెప్టెంబరులో దానిని మరణానికి 5 లక్షల రూపాయలకు పెంచారు.

దీనికి తోడు ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఉన్నది. బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు మినహాయించి, 18 నుంచి 70 ఏళ్ళ వారికి ప్రమాద మరణంపై 2 లక్షల రూపాయలు ఇచ్చే పథకమిది. రైలైనా, బస్సైనా, మోటారుసైకిలైనా వర్తిస్తుంది. చాలామంది ఖాతాల్లో ఇది ఇప్పటికే ఉండి ఉంటుంది, ఇంట్లోవారికి తెలియదు. ఏటా పాసుపుస్తకంలో 20 రూపాయల పద్దు కనిపిస్తే ఆ సంగతి భార్యాబిడ్డలకు చెప్పడం అవసరం.

విమాన టికెట్‌తో అంటగట్టే బీమా

రాయపూర్ నుంచి హైదరాబాదుకో, విశాఖకో విమానం ఎక్కేవారి విషయంలో తీర్పు వేరు. దేశీయ ప్రయాణానికి టికెట్ అమ్మే వెబ్‌సైట్లు జోడించే బీమాలో ఎక్కువ భాగం కొనుగోలుదారుకు ఇప్పటికే ఉన్నదానికి నకలు. ఆసుపత్రి ఖర్చులకు ఆరోగ్య బీమా దేశమంతటా పనిచేస్తుంది. 70 ఏళ్ళు నిండినవారికి ఆయుష్మాన్ వయ వందన కార్డుపై ఏడాదికి కుటుంబానికి 5 లక్షల దాకా జాబితాలోని ఆసుపత్రుల్లో చికిత్స లభిస్తుంది. 2024 అక్టోబరు 29న ప్రారంభమైన ఈ సదుపాయం రాష్ట్రం మారినా చెల్లుతుంది. భిలాయ్‌లో కార్డు పొందిన పెద్దలు విశాఖలో చికిత్స పొందవచ్చు. విమాన సంస్థే సర్వీసును రద్దు చేస్తే టికెట్ డబ్బు వాపసు పొందడం ప్రయాణికుడి హక్కు. ముందుగా సమాచారం ఇవ్వకుండా రద్దు చేస్తే ప్రయాణ నిడివిని బట్టి 5 వేల నుంచి 10 వేల రూపాయల దాకా పరిహారం ఇవ్వాలని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నిబంధనలు చెబుతున్నాయి, సంస్థ అదుపులో లేని కారణాలకు మినహాయింపు ఉన్నప్పటికీ. 2025 డిసెంబరు తొలి వారాల్లో దేశవ్యాప్తంగా విమానాలు పెద్దసంఖ్యలో రద్దయినప్పుడు ప్రయాణికులు వాపసు పొందినది విమాన సంస్థల నుంచే. అందుకు బీమా పాలసీ అవసరం రాలేదు.

ఈ చిన్న బీమాలు అంతగా అమ్ముడుపోవడానికి కారణం అవసరం కంటే అమ్మే పద్ధతి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న జారీ చేసిన మార్గదర్శకాలు ఈ పద్ధతులను పేర్లు పెట్టి నిషేధించాయి. కొనుగోలుదారు అనుమతి లేకుండా బుట్టలో అదనపు సేవ చేర్చడం అందులో ఒకటి. బీమా వద్దన్నవారిని సిగ్గుపడేలా చేసే వాక్యాలు మరొకటి. ‘నేను రక్షణ లేకుండానే ఉంటాను’ అనే అర్థం వచ్చే మీటను నొక్కితేగాని ముందుకు పోనివ్వకపోవడాన్ని ఆ మార్గదర్శకాలే ఉదాహరణగా చూపాయి. చెల్లింపు పేజీలో మొత్తం రుసుమును ఒక్కసారి విడదీసి చూసుకుంటే ఈ వందల రూపాయలు మిగులుతాయి. నలుగురున్న కుటుంబం రానుపోను టికెట్లు కొంటే అది ఎనిమిది పాలసీల ఖర్చు.

అమెరికా ప్రయాణం: ఇక్కడ లెక్క తారుమారు

దేశం దాటిన మరుక్షణం పై వాదనంతా చెల్లదు. ఉక్కు కర్మాగార విశ్రాంత ఉద్యోగికి సెక్టార్-9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి పెద్ద భరోసా. విశ్రాంత ఉద్యోగుల మెడిక్లెయిమ్, ఆయుష్మాన్ కార్డు, సొంతంగా కొనుక్కున్న ఆరోగ్య పాలసీ కూడా ఉండవచ్చు. సరిహద్దు దాటితే ఇవి సాధారణంగా అక్కరకు రావు. అరవై ఏళ్ళు దాటిన దంపతులు ఆరు నెలలపాటు ప్రపంచంలోకెల్లా ఖరీదైన వైద్యం ఉన్న దేశంలో ఉండబోతున్నారు. వారి భవిష్యనిధి, గ్రాట్యుటీ సొమ్ము అప్పటికి బ్యాంకు డిపాజిట్లలో ఉంటుంది. పణం అదే.

అమెరికా సందర్శకుల వీసాకు బీమా తప్పనిసరి కాదు. ఐరోపాలోని షెంగెన్ దేశాల వీసాకు కనీసం 30 వేల యూరోల వైద్య బీమా చూపించాలి. అందువల్ల ఐరోపా వెళ్ళేవారు నియమం కోసమైనా కొంటారు. ఎక్కువ ప్రమాదం ఉన్న అమెరికాకు వెళ్ళేవారికి మాత్రం అడిగేవారే లేరు. గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళే కార్మికుల విషయంలో మన ప్రభుత్వం వేరే మార్గం ఎంచుకున్నది. ఎమిగ్రేషన్ అనుమతి అవసరమైన పాస్‌పోర్టుదారులకు 2003 నుంచే ప్రవాసీ భారతీయ బీమా యోజనను తప్పనిసరి చేసింది. రెండేళ్ళకు 275, మూడేళ్ళకు 375 రూపాయల ప్రీమియంతో, పన్ను అదనంగా, 10 లక్షల ప్రమాద బీమా కల్పిస్తున్నది. సిరిసిల్ల, నిజామాబాద్, శ్రీకాకుళం నుంచి వెళ్ళే కార్మికుడికి ఉన్న ఈ కనీస రక్షణ, కొడుకు దగ్గరకు డాలస్ వెళ్ళే విశ్రాంత ఫోర్‌మన్‌కు లేకపోవడం విచిత్రమే.

అమెరికాలో అత్యవసర స్థితిలో వచ్చిన రోగిని డబ్బు లేదని తిప్పి పంపకూడదని 1986లో ఒక చట్టం చేశారు. పరీక్షించి, స్థితిని నిలకడకు తేవలసిన బాధ్యత ఆసుపత్రిదే. ఈ సంగతి విని కొందరు బీమా అక్కరలేదని భావిస్తారు. చికిత్స ఆగదన్నది నిజమే. బిల్లు కూడా ఆగదు. ఆసుపత్రి బిల్లు ఒకటి, వైద్యుడి బిల్లు ఒకటి, స్కానింగ్ చదివిన నిపుణుడిది మరొకటి, అంబులెన్సుది ఇంకొకటి, వారాల వ్యవధిలో విడివిడిగా వస్తాయి. తల్లిదండ్రులు తిరిగి ఉతై చేరుకున్న తరువాత కూడా కుమారుడి చిరునామాకు ఉత్తరాలు వస్తూనే ఉండవచ్చు.

సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక వ్యవహారం ఈ మొత్తం సమస్యకు అద్దం పడుతుంది. 2009లో ఒక భారతీయుడు బంధువుల పెళ్ళికి అమెరికా వెళ్తూ ఇక్కడి ప్రభుత్వరంగ బీమా సంస్థ నుంచి ఓవర్సీస్ మెడిక్లెయిమ్ పాలసీ తీసుకున్నారు. తనకు మధుమేహం ఉన్నదని ముందే తెలిపారు, వైద్య పరీక్ష కూడా జరిగింది. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో దిగగానే గుండెపోటు వచ్చింది. మూడు స్టెంట్లు వేశారు. ఆసుపత్రి బిల్లు రెండు లక్షల డాలర్లు దాటింది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు వాడుతున్న సంగతి చెప్పలేదంటూ సంస్థ క్లెయిమును తిరస్కరించింది. జాతీయ వినియోగదారుల కమిషన్ కూడా ఆయనకు అనుకూలంగా తీర్పు ఇవ్వలేదు. చివరకు 2021 డిసెంబరు 6న సుప్రీంకోర్టు ఆయన పక్షాన నిలిచింది. ఆరోగ్య స్థితిని అంచనా వేసి పాలసీ ఇచ్చిన తరువాత, ముందే వెల్లడించిన జబ్బును సాకుగా చూపి చెల్లింపు నిరాకరించడం తగదని స్పష్టం చేసింది.

ఈ తీర్పును పాలసీదారు విజయంగా చెప్పుకోవడం పరిపాటి. కాని అందులో గమనించవలసినవి రెండున్నాయి. ఆయన గెలవడానికి ఆధారం మధుమేహాన్ని దాచకుండా ప్రతిపాదన పత్రంలో రాయడం. అంత నిజాయతీగా రాసినా డబ్బు కోసం 12 ఏళ్ళు పట్టింది. ఇక బీపీ, షుగరు దాచిపెట్టి కొన్ని వందల రూపాయల ప్రీమియం తగ్గించుకొనేవారి పరిస్థితి ఊహించడం కష్టం కాదు. ప్రయాణ బీమాలో అన్నిటికన్నా ఖరీదైన పొదుపు ఇదే. ఏజెంటు పత్రం నింపుతూ ‘ఏ జబ్బూ లేదు’ అని రాస్తే సంతకం చేయవద్దు. రోజూ వేసుకునే ప్రతి మాత్ర పేరూ, థైరాయిడ్ మాత్రతో సహా, రాయించాలి.

పాలసీ ఎంపికలో అసలు చూడవలసిన అంకె ఏది? ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో కనిపించేది మొత్తం బీమా: 50 వేల డాలర్లు, లక్ష డాలర్లు, 5 లక్షల డాలర్లు. వయసు మీరినవారి పాలసీల్లో దాని కింద మరో పట్టిక ఉంటుంది. ఒక్కో జబ్బుకు ఇంత, గది అద్దెకు రోజుకు ఇంత, శస్త్రచికిత్సకు ఇంత అనే ఉపపరిమితులు. ఉదాహరణకు లక్ష డాలర్ల పాలసీలో ఒక్కో జబ్బుకు 10 వేల డాలర్ల పరిమితి ఉంటే, గుండెపోటు వచ్చిననాడు అది 10 వేల డాలర్ల పాలసీయే. ఉపపరిమితులు లేని 50 వేల డాలర్ల పాలసీ, ఉపపరిమితులున్న 2 లక్షల పాలసీ కంటే ఎక్కువ రక్షణ ఇవ్వవచ్చు. ధరలను పోల్చే వెబ్‌సైట్లలో చౌక పాలసీ పైన కనిపించడానికి తరచూ ఈ పట్టికే కారణం. నియంత్రణ సంస్థ నిర్దేశించిన వినియోగదారు సమాచార పత్రంలో ఈ పరిమితులూ మినహాయింపులూ సంగ్రహంగా ఉంటాయి. డబ్బు కట్టకముందే దానిని అడిగి చదవాలి.

ముందునుంచీ ఉన్న జబ్బుల సంగతి రెండో గుణపాఠం. ఎక్కువ పాలసీలు వాటికి సాధారణ చికిత్స ఇవ్వవు. ప్రాణాపాయ స్థితిలో మాత్రమే, అదీ ఒక పరిమితి దాకా, చెల్లిస్తాయి. ఆ పరిమితి ఎంత అన్నదే అరవై దాటినవారికి పాలసీ అసలు విలువ. ప్రీమియం కొంత ఎక్కువైనా ఈ ఒక్క అంశంపై డబ్బు పెట్టడం సబబు. మామూలు షుగరు మాత్రలు, కళ్ళజోడు, పంటి నొప్పి వంటి వాటికి బీమా ఎదురుచూడరాదు. ఆరు నెలలకు సరిపడే మందులు, జెనరిక్ పేర్లతో రాసిన వైద్యుడి చీటీతో సహా, వెంట తీసుకెళ్ళడమే అన్నిటికన్నా చౌక వైద్యం.

అమెరికాలోని పిల్లలు అక్కడి సంస్థల నుంచి విజిటర్ ఇన్సూరెన్సు కొని పెట్టడం కూడా ఉన్నది. అక్కడి ఆసుపత్రుల నెట్‌వర్కుతో నేరుగా పనిచేయడం వాటి బలం. అవి రెండు తరహాలు. ఒక్కో చికిత్సకు నిర్ణీత మొత్తం మాత్రమే ఇచ్చేవి చౌక. డిడక్టిబుల్ పోను బిల్లులో అధికభాగం భరించేవి ఖరీదు. మొదటి తరహాలో మిగిలిన తేడా అంతా జేబులోంచే. మరో సంగతి కూడా ఉన్నది. విదేశీ సంస్థతో వివాదం వస్తే భారతీయ బీమా నియంత్రణ సంస్థకూ, ఇక్కడి అంబుడ్స్‌మన్‌కూ దానిపై అధికారం లేదు. ఇంటికి వచ్చాక పోరాడవలసి వస్తే భారతీయ పాలసీకే ఇక్కడ వేదిక ఉన్నది.

తగ్గించుకోదగిన ఖర్చులు

అంతమాత్రాన అన్నిటికీ తలూపి ఎక్కువ చెల్లించవలసిన పనిలేదు. న్యాయంగా తగ్గించుకోగలిగినవి చాలానే ఉన్నాయి. డిడక్టిబుల్ అంటే ప్రతి క్లెయిములో పాలసీదారు ముందుగా భరించే మొత్తం. దానిని 100 డాలర్ల నుంచి 500 డాలర్లకు పెంచుకోవడానికి పాలసీ అనుమతిస్తే ప్రీమియం తగ్గుతుంది. 500 డాలర్లు కొడుకు భరించగల ఖర్చు, 50 వేల డాలర్లు కాదు. బీమా అవసరమైనది రెండోదానికే.

సామాను ఆలస్యం, టికెట్ రద్దు, గోల్ఫ్ ఆట వంటి అదనపు రక్షణలు కలిపిన ఖరీదైన పథకాలు విశ్రాంత దంపతులకు అక్కరలేదు. పోయిన సామానుకు మాంట్రియల్ ఒప్పందం కింద విమాన సంస్థే ఒక పరిమితి దాకా బాధ్యత వహిస్తుంది. విమానాశ్రయం దాటకముందే ఫిర్యాదు నమోదు చేయించుకోవడం ముఖ్యం. వైద్య రక్షణ బలంగా ఉండి, మిగిలినవి పలుచగా ఉన్న పథకాన్ని ఎంచుకోవాలి.

రోజుల లెక్క మరో చోటు. ఏడాదిలో ఎన్ని ప్రయాణాలైనా చేయవచ్చనే వార్షిక పాలసీ వ్యాపారులకు లాభదాయకం. దానిలో ఒక్కో ప్రయాణానికి 30, 45 లేదా 60 రోజుల వంటి పరిమితి ఉంటుంది. ఆరు నెలలు ఉండే తల్లిదండ్రులు పొరపాటున దానిని కొంటే మూడో నెల నుంచి బీమా లేకుండానే ఉంటారు. ఒకే ప్రయాణపు పాలసీని వాస్తవంగా ఉండే రోజులకు, తిరుగు ప్రయాణం ఆలస్యమైతే అని కొన్ని రోజులు కలిపి, తీసుకోవాలి. ముందుగానే తిరిగి వస్తే వాడని రోజులకు కొంత ప్రీమియం వాపసు ఇచ్చే పాలసీలు కొన్ని ఉన్నాయి, క్లెయిము చేయనట్లయితే. గడువు పొడిగించవలసివస్తే అది తీరకముందే కోరాలి. తీరిన మరుసటి రోజు కోరితే ఫలితం ఉండదు. పాలసీని భారతదేశంలో ఉండగానే, విమానం ఎక్కకముందే కొనాలన్నది కూడా గుర్తుంచుకోవలసినది.

పన్ను విషయం కొత్తది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా పాలసీలపై అంతకుముందున్న 18 శాతం జీఎస్టీని తొలగించారు. బీమా చట్టం ఆరోగ్య బీమా వ్యాపారాన్ని నిర్వచిస్తూ ప్రయాణ రక్షణను కూడా అందులో పేర్కొన్నది. అందువల్ల వ్యక్తిగత పాలసీ కొటేషన్‌లో జీఎస్టీ వరుస కనిపిస్తే, ఏ కారణంతో వేశారని సంస్థను రాతపూర్వకంగా అడగడం కొనుగోలుదారుకు న్యాయమే. గ్రూపు పాలసీలకు ఈ మినహాయింపు లేదు. టికెట్ వెబ్‌సైట్లు అమ్మేవాటిలో గ్రూపు పాలసీలు ఉంటాయి కనుక, అదే రక్షణను బీమా సంస్థ నుంచి నేరుగా వ్యక్తిగత పాలసీగా కొంటే ఎంత అవుతుందో పోల్చి చూడడం మంచిది.

పాలసీ చేతికి వచ్చాక ఒక పని మిగిలి ఉంటుంది. సహాయ కేంద్రం ఫోను నంబరు, పాలసీ నంబరు ఒక కాగితం మీద రాసి పాస్‌పోర్టులోనూ, అమెరికాలోని ఇంటి ఫ్రిజ్ తలుపు మీదనూ ఉంచాలి. ఆసుపత్రిలో చేరిన వెంటనే ఆ నంబరుకు తెలపకపోవడం క్లెయిములు చిక్కుల్లో పడే కారణాల్లో ఒకటి. చెల్లించిన బిల్లుల అసలు ప్రతులు, వైద్యుడి నివేదికలు తిరుగు ప్రయాణంలో సూట్‌కేసులో కాకుండా చేతిసంచిలో రావాలి.

క్లెయిము తిరస్కరిస్తే మొదట సంస్థ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. హైదరాబాదు ప్రధాన కార్యాలయంగా పనిచేస్తున్న బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ నిర్వహించే బీమా భరోసా పోర్టల్‌లోనూ, 155255 నంబరులోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అందుకు రుసుము లేదు, న్యాయవాది అవసరం లేదు. 50 లక్షల రూపాయల దాకా పరిహారం ఇచ్చే అధికారం అంబుడ్స్‌మన్‌కు ఉన్నది, తిరస్కరణ జరిగిన ఏడాదిలోగా వెళ్ళాలి. ఉతై, భిలాయ్ నివాసులకు ఆ కార్యాలయం హైదరాబాదులో కాదు, భోపాల్‌లో. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ రెండూ దాని పరిధిలోనివే. ఫిర్యాదును ఆన్‌లైన్‌లో పంపవచ్చు.